పొద్దుటి శ్రుతి

తొమ్మిది కొట్టగానే ఊర్మిళ గొంతులు కొలిచే శ్రుతిమాని ముందు కూర్చుంది. మెడకున్న గళపట్టీ సర్దుకుని పన్నెండు సెకన్లపాటు "ఆ..." అంది. పచ్చదీపం వెలిగింది. నగరానికి ఆ రోజు శ్రుతి పెట్టడం అయిపోయింది. రేవు గేట్లు, బస్సు తలుపులు, ఆసుపత్రి కిటికీలు ఇక రేపటిదాకా జనం గొంతుల్ని ఆ "ఆ"తోనే పోల్చుకుంటాయి. సరిపోతే తెరుచుకుంటాయి, లేకపోతే లేదు.

మొదటి పరీక్ష గరికిన నూకరత్నానిది. పాతికేళ్లుగా రేవులో చేపల వేలం పాడే మనిషి. అరిచి అరిచి స్వరతంత్రుల మీద రెండు బుడిపెలు లేచాయి. ప్రాణానికి ముప్పు లేనివే. వాటిని కోసి తీసేసి ఇవాళ్టికి ఇరవై ఒక్క రోజులు. ఆవిడ కూడా "ఆ..." అంది. జీర పదకొండు, గాలి పదిహేను, వణుకు తొమ్మిది.

"ముప్పై అయిదమ్మా. ముప్పై దాటకూడదు," అంటూ ఊర్మిళ సొరుగులోంచి కొత్త గళపట్టీ తీసింది. అది బిగిస్తే ఇక బతికినంతకాలం పట్టీ గొంతే. అందరికీ ఒకటే గొంతు, నున్నగా, ఎక్కడా గీత పడకుండా.

"ఆపరేసన్‌కి ముందెంతుండీది?"

"డెబ్బై రెండు."

"మరి సగానికి పడిపోనాదా లేదా? నా గొంతు నాకొచ్చీసింది! నిన్న ఒడ్డున కేకేత్తే పడవలోవోళ్లు తిరిగి సూసినారు. ఈ పట్టీ గొంతుతో పాట పాడితే నాదేదో, పక్కదాని పాటేదో ఎవులికి తెలుస్తాదమ్మా?"

ఊర్మిళ బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో తనకీ ఇవే బుడిపెలు, ఇదే కోత. తన లెక్క ముప్పై మూడు. పట్టీ పడి తొమ్మిదేళ్లు. ఎనిమిదేళ్ల కూతురికి అమ్మ గొంతు ఎలా ఉంటుందో తెలియదు.

"ఆ డబ్బాకి మంచి గొంతంటే ఏటో నేర్పిందెవులు?" నూకరత్నం వదల్లేదు.

"రోజూ పొద్దున నేనే."

"నీ గొంతుతోనా, ఆ పట్టీతోనా?"

ఊర్మిళ చేతిలోని పట్టీని బల్ల మీద పెట్టేసింది. పరీక్షకులుగా పట్టీ ఉన్నవాళ్లనే తీసుకుంటారు. మారని గొంతే కొలతకి నమ్మకమని నియమం. అంటే ఇన్నేళ్లూ తను కొలిచింది గొంతుల్ని కాదు, మనుషులు పట్టీకి ఎంత దూరంలో ఉన్నారో. ఇన్నేళ్లలో ఈ గదిలో లెక్క ముప్పై లోపు వచ్చిన మనిషి ఒక్కరైనా ఉన్నారా? లేరు. ఏటేటా జనం గొంతులు పాడైపోతున్నాయని పర్యవేక్షకుడు సన్యాసిరావు నివేదికలు రాస్తూనే ఉన్నాడు. ఊర్మిళకి ఒళ్లు మండిపోయింది. ఆయన మీదా, ఇంతకాలం తొమ్మిదింటికల్లా వచ్చి బుద్ధిగా "ఆ" అన్న తన మీదా.

పట్టీల తాళంచెవి సన్యాసిరావు దగ్గర ఒకటుంది, ఊర్మిళ నడుముకి ఒకటుంది. తీసి తన మెడకున్న తాళమే విప్పింది. బల్ల కింద మీట నొక్కి శ్రుతి చెరిపేసింది.

"ఆ..."

తొమ్మిదేళ్లు మూతపడ్డ గొంతు. గీరుకుంది, మధ్యలో తెగింది, ఏడో సెకనుకే ఊపిరి చాలలేదు. తిట్టుకుంటూ నీళ్లు తాగి మళ్లీ అంది. మూడోసారికి పన్నెండు సెకన్లు నిలబడింది. పచ్చదీపం వెలిగింది.

"ఇప్పుడు నువ్వనమ్మా."

నూకరత్నం అంది. మొత్తం ఎనిమిది.

బయట అడుగుల చప్పుడయింది. "ఊర్మిళా, ఏమిటిది? రేవు గేటు దగ్గర పట్టీ ఉన్న మన వాళ్లెవరికీ తెరుచుకోవట్లేదు. తలుపు తియ్యండి," అన్నాడు సన్యాసిరావు, పట్టీ గొంతుతో.

"స్వరం సరిపోలేదు," అంది తలుపు.

ఆయన మళ్లీ అన్నాడు. తలుపు కూడా మళ్లీ అదే అంది. నూకరత్నం నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఊర్మిళ తలుపు దగ్గరికి వెళ్లింది. "పట్టీ తీసి పిలవండి సార్," అనబోతే మాట సగంలోనే బొంగురుపోయింది. గొంతు సవరించుకుని మొదటినుంచి మళ్లీ చెప్పింది, ఈసారి గట్టిగా.