బొంత మింగిన అదురు

పొద్దున్నే కదిరమ్మ పొయ్యి మీద సంగటికి ఎసరు పెట్టింది గానీ, కళ్ళు మాత్రం నట్టింట్లో ఉన్న నల్ల పెట్టె మీదే ఉన్నాయి. కూతురు ఈశ్వరి నిన్న అనంతపురం నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన సబ్ వూఫర్ అది, నేల అదిరేలా మోగే స్పీకరు.

"చెవులు పోయినా నాయనకు అదురు తెలుస్తాదమ్మా. నేల బండల మీద చేతులు పెడితే చాలు," అంది ఈశ్వరి.

ముప్పై ఏళ్ళు ముదిగుబ్బ చుట్టుపక్కల జాతరల్లో ఉరుము వాద్యం వాయించిన మనిషి ఈశ్వరి తండ్రి హనుమంతప్ప. రెండేళ్ళ కిందట చెవులు పూర్తిగా పోయాయి. అప్పటినుంచి తిండి దగ్గర కూడా గోడకేసి తిరిగి కూర్చుంటున్నాడు. చివరి జాతరలో ఆయన వాయించింది ఈశ్వరి ఫోనులో ఉంది. అదొక్కసారి తండ్రికి చేరితే మళ్ళీ మనుషుల్లో పడతాడని ఆమె ఆశ.

కదిరమ్మకు అన్నీ భయాలే. "మిద్దె బండలు అదిరి నెత్తిన పడితే? ఆయన గుండె ఆగిపోతే?"

"అట్లయితే డీజే పెట్టిన ప్రతి పెండ్లిలో నాలుగు శవాలు లేయాల గదమ్మా!"

కూతురు స్నానానికి పోగానే కదిరమ్మ అదురు నేలకు దిగకుండా బొంతను నాలుగు మడతలు వేసి పెట్టె కిందికి తోసింది. కనబడకుండా పైనుంచి పాత చీర కప్పింది. అడిగితే, "దుమ్ము పడతాది," అంది.

ఈశ్వరి ఫోను కలిపింది. గదంతా మోగింది. ఆమె సైగ చేయగానే హనుమంతప్ప రెండు అరచేతులూ నేలకు ఆనించాడు. కూతురి ముఖం చూశాడు. మళ్ళీ నేలను చూశాడు. కాసేపటికి చేతులు దులుపుకున్నాడు.

"ఏమీ లేదు పాపా. నా చేతులు గూడా చెవిటివైపోయినాయి," అని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఈశ్వరి అక్కడే కూలబడింది. "ఆశపెట్టి నేనే నాయన్ను చంపినానమ్మా."

"నువ్వు కాదు తల్లీ. నేను." కదిరమ్మ పెట్టె మీది చీర లాగేసింది.

ఈశ్వరి బొంతను చూసింది. "నాయన సచ్చిపోతాడేమో అని బయపడి బయపడి, బతికుండంగానే పూడ్చిపెడ్తాండావు కదమ్మా!"

కదిరమ్మ బొంతను లాగి గడప అవతలికి విసిరేసింది. పెరట్లోకి పోయి భర్తను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

ఈశ్వరి పెట్టెను తండ్రి కూర్చునే చోటే వట్టి నేల మీద పెట్టింది. "దీన్ని అమ్మిన షాపాయన చెప్పినాడు. ఇప్పుడు మనం గదంతా పాకాల. యాడ అదురు గట్టిగా తెలిస్తే, ఆడికి పెట్టెను మార్చాల. అప్పుడు నాయన కూర్చున్న చోటికి అదే అదురు వస్తాది."

ఆ మాటలనే చేతులతో సైగ చేసి తండ్రికి చూపించి, ఫోను మళ్ళీ కలిపింది. ముగ్గురూ మోకాళ్ళ మీద పాకారు. గడప దగ్గర అదురు పలచగా ఉంది. నడిమధ్యలో అసలు లేదు. తూర్పు మూలకు చేరేసరికి హనుమంతప్ప ఆగిపోయాడు. వేళ్ళు వాటంతటవే బండ మీద దెబ్బలు వేయసాగాయి.

"నాదే! ఇది నా చెయ్యే!" బండకు నుదురు ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పెట్టె ఆ మూలకు చేరింది. హనుమంతప్ప తన చోట కూర్చుని, నేల మీద చేతులుంచి దరువుకు తగ్గట్టు వేళ్ళు ఆడించాడు. తరువాత భార్య వైపు తిరిగాడు.

"ఉరుము వచ్చె. నీ గొంతు మాత్రం ఏ బండలోనూ రాదు కదే."

రెండేళ్ళలో ఆయన ఆ మాట అనడం ఇదే మొదలు. కదిరమ్మ ఆయన అరచేతిని తీసుకుని తన గొంతుకు అదుముకుంది. ఏం చెప్పాలో తోచక తనకు తెలిసిందే చెప్పింది.

"నువ్వు యాడికి పోతావో అని నాకు బయం... శానా బయం."

ఆయన వేళ్ళు ఆ గొంతు అదురు మీద నిలిచాయి.

"ఏందో చెప్తాండావు," అన్నాడు కళ్ళు మూసుకుని. "ఆపొద్దు. చెప్పు."