పిల్లరాళ్ళ ముళ్ళచెట్టు

పొద్దు వాలితే ఆ మొండిగోడల దగ్గర ఎవరూ బండి ఆపరట. గొర్రెలు కాసేవాళ్ళు కూడా ఆ పొలం దాటేదాకా మాటలు మానేసి నడుస్తారట. ఐర్లండు దేశంలో, పడమటి సముద్రం ఒడ్డున, మన నోరు తిరగని పేరున్న ఒక పల్లె పక్కన ఉంది ఆ చోటు. కప్పు కూలిపోయిన పాత చర్చి. దాని వెనక ఒక ఊటబావి. బావి మీదికి వంగిన ముళ్ళచెట్టు, చెట్టు నిండా గుడ్డపేలికలు. చెట్టు కింద గడ్డిలో చిన్న చిన్న రాళ్ళు... ఏ రాయి మీదా పేరు ఉండదు.

ఆ చెట్టు పేలిక ఒకటి మన పురసవాక్కం దాకా వచ్చింది. అది వచ్చిన తీరు, వచ్చాక జరిగిన సంగతి, నా చెవిన పడింది పడ్డట్టు చెప్తాను. నమ్మమని ఎవరినీ బతిమాలను. నమ్మకుండా ఉండాలని నేనే చాలా ప్రయత్నం చేశాను.

తెచ్చింది కోకిలమ్మ. పురసవాక్కంలో రవికెగుడ్డల దుకాణం దామోదరం గారి భార్య. ఎన్ని తరాల కిందట మద్రాసు చేరారో వాళ్ళకే తెలియని తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం.

ఆ ఇంటికి ఏ లోటూ లేదు, ఒక్క దిగులు తప్ప. కూతురు లక్ష్మీప్రియ కొడుకు తనీష్‌కి మూడో ఏడు నడుస్తోంది, ఇంకా మాట రాలేదు. చెవులు బాగున్నాయన్నారు, గొంతు బాగుందన్నారు, ఓపిక పట్టమన్నారు. ఓపిక పట్టమని చెప్పడానికి ఎవరికైనా ఏం కష్టం? లక్ష్మీప్రియ రోజూ వాణ్ణి ఎదురుగా కూచోబెట్టుకుని, పెదాలు చూపిస్తూ "అమ్మా... అమ్మా..." అనేది. వాడు ఆ పెదాలను వేలితో ముట్టుకుని నవ్వేవాడు. ఆ తర్వాత ఆ పిల్ల వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకునేది. కోకిలమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది.

అలాంటి రోజుల్లో వచ్చింది ఈ ప్రయాణం. దామోదరం గారికి అరవై నిండితే, ఊరందరికీ భోజనాలు పెట్టే బదులు దేశం చూసొద్దామన్నాడు. టి. నగర్‌లో ఒక కంపెనీ ఉంది, వంటవాణ్ణి కూడా వెంటేసుకుని మనుషుల్ని విదేశాలు తిప్పుతుంది. ఆడ కూడా చారూ అన్నమూ పెడతారన్న ఒక్క మాట మీద కోకిలమ్మ ఒప్పుకుంది.

వెళ్ళారు. సముద్రం మీదికి నిట్టనిలువుగా నిలబడ్డ కొండలు చూశారు. కూలిన కోటలు, నాచు పట్టిన మఠాలు చూశారు. రెండు రోజులకే గుంపులో సణుగుడు మొదలైంది — కప్పులేని గుడి చూడ్డానికి ఇంతదూరం రావాలా, మన సెంజికోట ఏం పాపం చేసిందని. దామోదరం గారు మాత్రం గోడనీ గొర్రెనీ వాననీ వదలకుండా ఫోనులో పట్టేస్తూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం దారికి గొర్రెల మంద అడ్డమొచ్చి ఆలస్యమైంది. మొండిగోడల దగ్గరికి చేరేసరికి పొద్దు వాలింది. ఆ దేశంలో ఎండాకాలం చీకటి ఒక పట్టాన పడదు. వెలుతురు కాని వెలుతురు ఒకటి గడ్డి మీద నిలబడిపోతుంది. డ్రైవరు ఆ పక్క ఊరి ముసలాయన. ఇప్పుడు వద్దన్నాడు. చూపిస్తామన్న చోటు చూపించాల్సిందేనని జనం పట్టుబట్టారు. చివరికి ఆయన ఏదో చెప్పాడు, గుంపును నడిపించే జెబరాజ్ దాన్ని తమిళంలో చెప్పాడు. లోపల ఏదీ ముట్టుకోవద్దు. గడ్డిపరక కూడా తేవద్దు.

అందరూ దిగారు. ఆ ముసలాయన దిగలేదు. ఇంజను కూడా ఆపలేదు.

కోకిలమ్మకు ఆ మాట వినపడలేదా అంటే వినపడింది. కానీ చర్చి వెనక్కి నడిచి ఆ చెట్టును చూసిందో లేదో, మాట గాలికి పోయింది. ముడుపుల చెట్టు! ఎన్ని గుళ్ళల్లో చూడలేదు ఇలాంటివి! దేశం వేరైతే మొక్కు వేరా అనుకుంది. మనవడి వాసన దగ్గరుండాలని చేతిసంచిలో తనీష్ చేతిగుడ్డ తెచ్చుకుంది. అది తీసి కొమ్మకు ముడివేసి, వీడికి మాట రానీ తల్లీ అని కళ్ళు మూసుకుంది.

అంతటితో వచ్చేస్తే ఈ కథే లేదు. కానీ మొక్కిన చోటు నుంచి ఉత్తచేతులతో రావడం మనవాళ్ళకు చేతనవుతుందా? పువ్వో, కుంకుమో, ఏదీ లేకపోతే చిటికెడు మట్టో... ప్రసాదమని ఒకటి కావాలి. ఆమె కట్టిన ముడి పక్కనే ఒక తెల్ల పేలిక ఉంది. అంచుకు సన్నటి లేసు, పసిపిల్లల చొక్కా నుంచి చింపినట్టుంది. ముట్టుకుంది. విప్పాల్సిన పని లేకపోయింది... చేతిలోకి వచ్చేసింది.

అప్పటిదాకా చెవుల్లో హోరెత్తిన గాలి టక్కున ఆగింది. వెనక ఎవరో వచ్చి నిలబడ్డట్టు అనిపించి, ఆమె మొగుడేమో అనుకుని తిరిగి చూసింది. గడ్డి ఉంది. రాళ్ళు ఉన్నాయి. పేలికను జాకెట్టులో దోపుకుని, కొంచెం వేగంగానే బస్సెక్కింది.

ఇంటికి చేరగానే దాన్ని తనీష్ మణికట్టుకు కట్టింది. ఏ దేవుడిదని లక్ష్మీప్రియ అడిగితే, పలికినవాడే దేవుడు, ఊరుకోమంది.

నాలుగు రోజులు తిరక్కముందే దేవుడు పలికాడు.

దీపాలార్పి పడుకున్నాక, తనీష్ పక్కమీద లేచి కూచుని, స్పష్టంగా, తేటగా అన్నాడు —

"మామీ."

ఇంట్లో దీపాలన్నీ వెలిగాయి. దామోదరం గారు లుంగీ సర్దుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. మాటొచ్చింది, మాటొచ్చింది! మద్రాసులో మామి అంటే ఎవరో చెప్పాలా? కింది పోర్షన్‌లో ఉండే అయ్యరు మామి, ఇంటిల్లిపాదికీ అత్తమ్మ లాంటిది. బిడ్డలు లేని మనిషి, తనీష్‌ని ఎత్తుకుని తిరిగేది, మురుకులు తినిపించేది. తెల్లారి సంగతి తెలిసి ఆమె కళ్ళ నీళ్ళు పెట్టుకుని, డబ్బా నిండా మురుకులతో మెట్లెక్కి వచ్చింది.

లక్ష్మీప్రియ కూడా నవ్వింది. కానీ మామి దిగి వెళ్ళాక, తొమ్మిది నెలలు మోసింది తానైతే మొదటి పిలుపు మురుకులకు పోయిందని తల్లి దగ్గర అనేసింది. అంటూనే ఏడ్చింది. నలుగుతున్న ఆ ముఖాన్ని కోకిలమ్మ కొంగుతో తుడిచింది.

అయితే ఒక వింత. పగలు తనీష్ ఆ మాట అనడు. మామి ఎదురుగా వచ్చి బతిమాలినా అనడు. ఇంట్లో అందరూ పడుకున్నాకే లేచి కూచుంటాడు. కూచుని, గది బయట నడవలోని చీకటివైపు తిరిగి, "మామీ..." అంటాడు. కాసేపు ఆగుతాడు, చెవి ఒగ్గి వింటాడు. మళ్ళీ, "మామీ..."

పక్కన పడుకున్న కోకిలమ్మకు నిద్ర పట్టేది కాదు. ఇంట్లో ఉన్న మనిషిని పిల్లలు పిలిచే తీరు ఒకటి. తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లలు పిలిచే తీరు ఇంకొకటి. ఇది రెండోది.

ఒక ఆదివారం దామోదరం గారు తన ఐర్లండు వీడియోలన్నీ టీవీకి ఎక్కించాడు. మామి కూడా వచ్చి కూచుంది. కొండలు పోయాయి, కోటలు పోయాయి, ఏదో ఊళ్ళో టీ కొట్టు వచ్చింది. మామి మురుకు కొరుకుతూ చటుక్కున వెనక్కి తిరిగి, "ఏండా కన్నా?" అంది.

తనీష్ సోఫా మీద నిద్రపోతున్నాడు.

పిలిచింది టీవీలోంచి. ఎర్రజుట్టు పిల్లాడొకడు పరిగెడుతూ బోర్లాపడి, గుక్కపట్టి ఏడుస్తున్నాడు — "మామీ! మామీ!" ఒక ఆడమనిషి పరుగున వచ్చి వాణ్ణి ఎత్తుకుని గుండెకు హత్తుకుంది.

ఆడ కూడా మామి ఉందే అని దామోదరం గారు పగలబడి నవ్వాడు. మామి కూడా నవ్వింది. కోకిలమ్మ మాత్రం లేచి లోపలికి వెళ్ళి, తలుపు దగ్గరేసుకుని, జెబరాజ్‌కి ఫోను చేసింది. ఆ దేశంలో పిల్లలు తల్లిని అట్లాగే పిలుస్తారమ్మా అన్నాడతను మామూలుగా. ఆ మాటకేముంది, ఎందుకడుగుతున్నారని అన్నాడు. ఆమె ముళ్ళచెట్టు సంగతి చెప్పింది.

ఏదీ ముట్టుకోవద్దని చెప్పాను గదమ్మా అన్నాడతను.

ఆ తర్వాత చెప్పాడు, ఆ రోజు ముసలి డ్రైవరు తనకు చెప్పింది. జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, కాకముందే చచ్చిపోయిన పసిబిడ్డల్ని వెనకటికి అక్కడి శ్మశానంలో పూడ్చనిచ్చేవాళ్ళు కాదట. తండ్రులు చీకట్లో తీసుకుపోయి ఆ మొండిగోడల వెనక పూడ్చి, గుర్తుకో రాయి పెట్టి వచ్చేవాళ్ళట. ఏ రాయో తల్లులకు చెప్పేవాళ్ళు కాదు. అందుకని తల్లులు బిడ్డ చొక్కా చింపి ఆ చెట్టుకు కట్టేవాళ్ళు. గుడ్డ ఎక్కడుంటే బిడ్డ అక్కడుంటుందని వాళ్ళ నమ్మకం. తల్లులు పోయాక కూడా రాత్రిళ్ళు వచ్చి ఆ పేలికలు తడుముకుంటారని ఊళ్ళో చెప్పుకుంటారట.

ఒక్కసారి కూడా అమ్మా అని పిలవకుండా పోయిన బిడ్డలు... అనుకుంది కోకిలమ్మ.

అప్పుడు జెబరాజ్ గొంతు తగ్గించి అడిగాడు. "అది తీసిన చోట... మీరేమన్నా కట్టినారా అమ్మా?"

ఆమె ఫోను పెట్టేసింది. వెతుక్కుంటూ వచ్చే చేతికి ఆడ ఇప్పుడు దొరికేది తనీష్ చేతిగుడ్డ.

రాత్రి కత్తెర తీసుకుని, ఆ పేలిక కత్తిరించడానికి మనవడి దగ్గరికి వెళ్ళింది. లక్ష్మీప్రియ చెయ్యి పట్టుకుంది. కోకిలమ్మ ఉన్నదంతా చెప్పింది. చెట్టు, రాళ్ళు, తల్లులు, తన తెలివితక్కువతనం, ఏదీ దాచలేదు. కూతురి చెవికి అందులో ఒక్క ముక్కే ఎక్కింది.

"మామీ అంటే అమ్మనా? అట్లయితే వాడు ఇన్నాళ్ళూ నన్నే పిలస్తా ఉండాడు గదా మా!"

"నిన్ను గాదు తల్లీ..."

"నన్ను గాకపోతే ఇంకెవర్ని?"

ఆ ముఖంలో అంత వెలుగు కోకిలమ్మ ఎన్నాళ్ళకో చూసింది. నిన్ను కాదు అని రెండోసారి అనడానికి నోరు రాలేదు. ఇన్నాళ్ళు ఎదురుచూసిన పిలుపును కన్నకూతురి నోటి దగ్గర లాక్కోవడం ఏ తల్లి వల్ల అవుతుంది? అందులోనూ, ఆ పేలికను ఇంటికి తెచ్చిన తల్లి వల్ల అసలే కాదు. కత్తెర పక్కన పెట్టేసింది.

దీపం ఆర్పారు.

వాడు లేచి కూచున్నాడు. నడవవైపు తిరిగాడు. "మామీ..."

"ఇదో కన్నా, ఈడే ఉండాను," అంది లక్ష్మీప్రియ. అని, వాణ్ణి ఒళ్ళోకి తీసుకుని గుండెకు హత్తుకుంది. వాడు ఆమె ముఖం చూడలేదు. ఆమె భుజం మీదుగా మెడ సాచి చీకట్లోకి చూశాడు. చెవి ఒగ్గాడు.

గదిలో తడి ఉన్ని వాసన వచ్చింది. నడి ఎండాకాలం, పురసవాక్కంలో... వానలో తడిసిన గొర్రె వాసన.

"మామీ," అన్నాడు తనీష్.

ఇన్నాళ్ళూ వాడు పిలిచాడు. ఇప్పుడు పిలవలేదు... పలకరించాడు. కిలకిలా నవ్వాడు. ఎత్తుకోమన్నట్టు రెండు చేతులూ చాపాడు — తల్లి భుజం మీదుగా, గుమ్మంవైపు.

కోకిలమ్మ లేచి దీపం వేసింది. వెలిగింది. గుమ్మంలో ఎవరూ లేరు. వాడి చూపు మాత్రం అక్కడే, ఒక మనిషి ముఖం ఉండేంత ఎత్తున నిలిచి ఉంది.

ఆమె ఆ గుమ్మానికి చేతులు జోడించింది. తప్పు నాది తల్లీ, వీడు నీ బిడ్డ కాదు, మా బిడ్డ అని తెలుగులో వేడుకుంది. తమిళంలో వేడుకుంది. ఆ వచ్చినామెకు ఈ భాషలు వస్తాయా? ఆ తల్లి భాషలో కోకిలమ్మకు తెలిసిన మాట ఒక్కటే. ఆ మాట అనకూడదు.

వాడు నవ్వుతూనే ఉన్నాడు. లక్ష్మీప్రియ వాణ్ణి ఇంకా గట్టిగా అదుముకుంది. ఉన్నట్టుండి ఆమె మొహం పాలిపోయింది. చేతుల్లో ఉన్న కొడుకు వంక చూసింది, తల్లి వంక చూసింది.

"మా..." అంది. "వీడు నా చేతుల్లోనే ఉండాడు గదా... బరువు తెలీకుండా ఉండాదే మా."