ఎలుకల గదిలో తెల్లకోటు

"మీరు గదిలో అడుగు పెడితే చాలు, నా ఎలుకలు కొయ్యబారిపోతున్నాయి!" అంది ల్యాబులో పరిశోధన చేసే ఆమె.

కొత్తగా చేరిన ఎలుకల డాక్టరు తన కోటు వాసన చూసుకున్నాడు. "స్నానం చేసే వచ్చానండీ."

"సబ్బు గొడవ కాదు. కొత్త మగమనిషి వాసన తగిలితే వాటికి హడలు."

తోడు నుంచి విడదీసిన ఎలుక ఎంత ఒత్తిడికి లోనవుతుందో ఆమె ఆరు నెలలుగా కొలుస్తోంది. రోజూ పెంటికలు ఏరాలి, వాటిలో ఒత్తిడి హార్మోన్ ఎంతుందో పరీక్ష చేయాలి, అంకె రాసుకోవాలి. ఇతను వచ్చిన వారం నుంచి, తోడున్న ఎలుకలకీ అంకె పెరిగింది. ఇలాగే సాగితే పరిశోధన మొదటికొస్తుంది. రావద్దందామా అంటే, రూలు ప్రకారం డాక్టరు రోజూ ఎలుకల్ని చూడక తప్పదు.

"అలవాటు చేయాలి. రోజూ గంటసేపు ఆ కుర్చీలో కూర్చోండి."

"అలవాటు ఎలుకలకా, మీకా?"

"నోరు మూసుకుని కూర్చోండి."

కూర్చున్నాడు. కాలు ఊపితే కసిరింది. కూనిరాగం తీస్తే గుడ్లురిమింది. మూడు వారాలకి అంకెలు దిగొచ్చాయి. థాంక్స్ అన్న మాట మాత్రం ఆమె నోట రాలేదు.

సరిగ్గా అప్పుడే అతను పది రోజులు లీవు పెట్టాడు. "అమ్మ ఎవరో అమ్మాయిని చూడమంటోందండీ."

"ఇప్పుడా? మీ వాసన పోతే మళ్లీ మొదటినుంచి బెదురుతాయి! ఆ కోటు విప్పి ఇచ్చి వెళ్లండి."

"ఉతకలేదండీ."

"ఉతికింది నాకెందుకు?"

కోటు కుర్చీకి తగిలించింది. ఎలుకలు నిమ్మకు నీరెత్తినట్టున్నాయి. ఆమే పూటకి నాలుగుసార్లు పని లేకపోయినా లోపలికి వెళ్లి, ఖాళీ కుర్చీని చూసి చిరాకు పడి వచ్చేది. ఆరో రోజు ఉండబట్టలేక ఫోన్ చేసింది.

"ఎప్పుడొస్తారు?"

"ఎలుకలకి బాలేదా?"

"వాటికేం రోగం? తిని పడుకుంటున్నాయి."

"మరి?"

"కోటు వాసన పోతోంది."

"ఇంకో కోటు పంపనా?"

"మీకసలు బుర్రుందా? కోటెవరిక్కావాలి? మనిషి రండి!"

అవతల వాళ్లమ్మ గొంతు వినబడింది. "ఆ కసిరే పిల్లేనా? బయల్దేరరా నాయనా! చూడ్డానికెళ్లిన పిల్ల ముందు గంటసేపు ఈ పిల్ల కబుర్లే చెప్పావు. పాపం, లేచి లోపలికి పోయింది. ఈవిడనే తీసుకొచ్చి చూపించు, పీడా పోతుంది."

మర్నాడు అతను కుర్చీలో కూర్చున్నాడు.

"నా కోటు ఇచ్చేయండి మరి."

"ఇవ్వను," అంది.

అతను కాలు ఊపాడు. ఆమె కసరలేదు.