గుర్రాల వారి మూలపురుషుడు

1978... వైశాఖ అమావాస్య... మిట్టమధ్యాహ్నం! ఆకాశం కాటుక పులుముకుంది. దిక్కులు పిక్కటిల్లేలా ఉరుము! హనుమకొండ మొత్తానికీ కరెంటు పోయింది... ఉరుముకు జడిసి కాదు, రోజూ ఆ వేళకు పోతుంది. గుడ్లగూబలు మాత్రం అరవలేదు. అది వాటి నిద్రవేళ.

స్టీలు సామాన్ల దుకాణం మూసి, ఇంటి తలుపులన్నీ బిగించుకుని చెమటలు కక్కుతున్నాడు గుర్రాల వెంకట్రాజం. నట్టింట్లో రక్తవర్ణపు ముగ్గు! ముగ్గు మధ్యన అతని భార్య కళావతి! ఆమెకెదురుగా, పళ్లికిలించే పుర్రెను చేతబట్టిన క్షుద్రోపాసకుడు సారంగపాణి!

ఇంతటి ఘోరానికి మూలం పక్క దుకాణం భాస్కర్. తమ వంశం తవ్వితే కాకతీయుల కోశాధికారి బయటపడ్డాడని చెప్పుకున్నాడు. ఆనాటి నుంచి వర్తక సంఘం మీటింగులో అతనికి చేతుల కుర్చీ. వెంకట్రాజం మాత్రం ఇంకా బెంచీ మీదే. ఇంటిపేరే గుర్రాల... మూలపురుషుడు అశ్వసేనాపతి కాక మరేమవుతాడు? ఆయన్నే పిలిచి, ఆయన నోటితోనే చెప్పించాలి! ఆత్మ దిగడానికి ఒక ఒళ్లు కావాలన్నాడు మాంత్రికుడు. వెంకట్రాజం, తనకు బీపీ ఉంది కనుక, భార్యను కూర్చోబెట్టాడు.

"పొయ్యి మీద పప్పున్నది. జర జల్ది కానియ్యుండ్రి," అంది కళావతి.

"హ్రీం... క్రీం... ఫట్!"

కళావతి జుట్టు విరబోసుకుంది! కనుగుడ్లు పైకి తేలిపోయాయి! ఆమె గొంతులోంచి పాతాళపు బావిలోంచి వచ్చినట్టు ముసలి కంఠం...

"ఎవడ్రా పన్నదాన్ని లేపింది?"

"తాతా!" వెంకట్రాజం సాష్టాంగపడ్డాడు.

"తాతేందిరా నీ మొఖం! నేను యాకమ్మను. మీ తాతకు తాత నా కడుపులనే పుట్టిండు."

"అవ్వా... మరి మీ ఆయన సేనాపతే గదా? గుర్రాల దండు నడిపిండు గదా?"

"దండా? అంగట్ల ఉల్లిగడ్డలమ్మిండు. గుర్రమొకటి వచ్చి పిర్ర మీద కరిచింది. ఆరు నెలలు బోర్లనే పన్నడు. గప్పటిసంది మనల గుర్రాలోల్లు అనవట్టిరి."

ఎక్కడో పిడుగు పడింది. వెంకట్రాజానికి అది నెత్తిమీదే పడ్డట్టనిపించింది.

మాంత్రికుడు వికటాట్టహాసం చేశాడు! "ఒరే పిచ్చోడా! నీ తాతలు నాకెందుకురా? నాకు గావాల్సింది ఒక ఆడిదాని పానం! ఈమెను పుర్రెకు బలిస్తే నాకిగ సావే లేదు!" తళుక్కున కత్తి దూసి కళావతి మెడకు ఆనించాడు!

వెంకట్రాజం రెండు చేతులూ జోడించాడు. "సామీ! ఈ గుర్రం ముచ్చట సంఘపోల్లకు చెప్పరు గదా?"

యాకమ్మ మాత్రం చలించలేదు. కొత్త మనిషి కనబడితే ఏ ముసలమ్మ అయినా అడిగేదే అడిగింది.

"ఎవల పిల్లగానివిరా నువ్వు? మీ తాత పేరేంది?"

"నాకు తాత లేడు! నేను శ్మశానంల పుట్టిన!"

"మరి నీ చేతులున్న పుర్రె ఎవనిది?"

"హసన్‌పర్తి కాడ బొంద తవ్వి తీసిన. ఎవడైతే నాకేంది?"

అంతే... పుర్రె దవడలు కిర్రుమన్నాయి! కంటి గుంటల్లో నిప్పులు!

"నేనేరా, సారయ్యను! నీ తాతను! ఇన్నేండ్లసంది నా నెత్తిల కల్లు పోస్కొని తాగుతానవ్... ఒక్కనాడన్న, నువ్వెవలు తాతా అని అడిగినవారా?"

"తాతా! తెల్వక..."

పుర్రె గాలిలోకి లేచింది! మనవడి కంఠాన్ని కరిచి పట్టింది! కత్తి జారిపడింది... నీలిజ్వాల... ఆర్తనాదం! కళ్లు మూసి తెరిచేలోగా సారంగపాణి గుప్పెడు బూడిద! ఊరందరి తాతముత్తాతలను లేపినవాడు తన తాత గురించి మాత్రం వాకబు చేసుకోలేదు.

"పోతాన బిడ్డా," అని గొణిగింది యాకమ్మ. కళావతి మొదలు నరికిన చెట్టులా కూలిపోయింది. ఊపిరి ఆడుతోందో లేదో!

వెంకట్రాజం పరుగున వచ్చి ఆమె తలను ఒళ్లోకి తీసుకున్నాడు. చెంపలు తట్టాడు. ఆమె కళ్లు మెల్లగా తెరుచుకున్నాయి. అతను ఆమె చెవి దగ్గరకు వంగాడు.

"కళావతీ! అవ్వ పోయిందా, ఇంక ఉన్నదా? జర అడుగవే... కరిచింది రాజుగారి గుర్రమేనా?"