కవరులో చుక్క

"నా స్క్రీన్ ఎందుకు చూస్తా ఉండావు?" అని కార్తీక అడిగింది.

"చూడలేదే" అన్నాడు అనిరుధ్.

"నిన్న మూడు తూర్లు. ఈ పొద్దు రెండు. నేను లెక్క పెట్టినా."

అతను కాఫీ కప్పు తీసుకుని తన టేబుల్ దగ్గరికి వెళ్లాడు. ఆమె పాస్‌వర్డ్ మార్చింది.

ఇద్దరూ చెన్నైలో ఒక పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ చేస్తున్నారు. ఆమెది ఆ ఊళ్లోనే వాషర్‌మెన్‌పేట్. అతను ఒంగోలు నుంచి వచ్చి రెండేళ్లయింది. అంతరిక్షంలోని టెలిస్కోపు పట్టిన గామా కిరణాలతో పాలపుంత పటం గీయడం వాళ్ల పని. పాలపుంతలోని వాయువు నుంచి వచ్చే కిరణాలను లెక్కగట్టి పటంలోంచి తీసేస్తారు. మిగిలిన చుక్కల్లో ఎవరూ చూడనిది ఒకటి దొరికితే థీసిస్‌కి అధ్యాయం దొరికినట్టే.

కార్తీకకు రెండు మిగిలాయి. ఒకటి బాగా వెలిగేది, ఒకటి కనీకనపడనిది.

వాటిలో ఒకటి దొంగది. గైడ్ యతిరాజులు గారి పద్ధతి అది. విద్యార్థి డేటాలో మరొకరి చేత రహస్యంగా ఒక చుక్క పెట్టిస్తారు. దాని స్థానం రాయించి, కవరు అంటించి, బీరువాలో పెడతారు. విద్యార్థి ఫలితం ఇచ్చిన రోజు తెరుస్తారు. ఆ ఫలితంలో దొంగ చుక్క లేకపోతే ఏడాది పని మళ్లీ మొదటి నుంచి.

కనీకనపడనిదే దొంగదని కార్తీక అనుకుంది. వెలిగేదాన్ని అనిరుధ్ కొట్టేస్తాడని కూడా అనుకుంది.

గురువారం వాన పడింది. అతను గొడుగు ఇవ్వబోయాడు.

"దీంట్లో ఏం పెట్టినావు?"

"గొడుగులో ఏం పెడతారు?"

"వద్దులే" అని తడుస్తూ బస్టాపుకి నడిచింది.

శుక్రవారం కార్తీక రెండు చుక్కలూ ఫలితంలో చూపించింది. యతిరాజులు గారు కవరు చించారు. దొంగది వెలిగే చుక్క.

"ఇంత పెద్ద చుక్కా, అనిరుధ్?" అన్నారు ఆయన. "రెండోది?"

"అది నాది కాదు సార్."

"అయితే అది నిజంగా ఉన్నట్టుంది, కార్తీకా. ఏ ఏడాదికి ఆ ఏడాది డేటా విడదీసి, అన్నిట్లోనూ కనపడుతుందేమో చూడు."

వరండాలో ఆమె అతన్ని ఆపింది.

"నువ్వా పెట్టింది?"

"నేనే. నీకు దొరికిందో లేదో అని చూస్తూ ఉన్నా."

"అంత పెద్దది ఎవురికి దొరకదు?"

"కావాలనే పెట్టా. నువ్వు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడితే నేను చూడలేను. నువ్వంటే నాకిష్టం."

"అంటే, నాకు చేతకాదనుకున్నావు."

"అలా కాదు..."

"చిన్నది కూడా పట్టినా నేను."

"తెలుసు. నీకంటే ముందు అదే డేటా నేను చూశాను. నాకు అది కనపడలేదు."

ఆమె తన టేబుల్ దగ్గరికి వెళ్లిపోయింది.

శనివారం అతని టేబుల్ మీద అంటించిన కవరు ఉంది. పైన 'సోమవారం తెరువు' అని రాసి ఉంది. అతను దాన్ని కీబోర్డు పక్కన పెట్టి పనిలో పడ్డాడు. మధ్యాహ్నంలోపు కార్తీక నాలుగుసార్లు అటు చూసింది.

"ఎందుకు చూస్తున్నావు?" అన్నాడు అనిరుధ్.

"చూడలా."

సోమవారం ఆమె ఎదురుగానే తెరిచాడు. లోపల నాలుగు వాక్యాలు.

'వచ్చే ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. అమ్మకు నీ సంగతి చెప్పినాను. ఆమెకు నాకంటే అనుమానం ఎక్కువ. ఏం అడుగుతుందో ముందుగా చెప్పను.'