ప్రశ్నకు సున్నా

నోటీసు బోర్డు మీద తన పేరు పక్కన సున్నా చూసి ఓబులేష్‌కు ఒళ్లు మండిపోయింది. ఆ కిందే శ్రీవాసవికి పదికి పది.

బీఎస్సీ పిల్లలు సొంతంగా ఆలోచించి చదవాలని రాఘవేంద్రప్రసాద్ సారు కాలేజీకి ఆన్‌లైన్ ఫోరం పెట్టాడు. జవాబు రాస్తే ఇంటర్నల్స్‌లో మార్కు. ప్రశ్న అడిగితే ఏమీ లేదు. సెమిస్టరంతా అడిగింది ఓబులేష్ ఒక్కడే. బోరు నీళ్లు పారిన నేల ఎందుకు తెల్లబారుతుంది, శెనక్కాయ ఆకు ఎందుకు పసుపెక్కుతుంది అని. తక్కినవాళ్లు నెట్‌లోంచి ఎత్తి అతికించి మార్కులు దండుకున్నారు. నోరు తెరిచి అడిగినవాడికి సున్నా వేసే చదువు ఏం చదువో ఆ సారుకే తెలియాలి. ఇంటర్నల్స్‌లో సున్నా అంటే సబ్జెక్టు పోయినట్టే.

మెట్ల మీద ఎదురైన శ్రీవాసవిని ఆపాడు.

“అడిగేది నేను. మార్కులు నీకా?”

“ఏమప్పా, నీ జేబులోంచి తీసుకున్నానా? నీ తెల్ల నేల కోసం మూడు దినాలు తిరిగినా. మా ఎరువుల అంగడికి వచ్చిన రైతునల్లా అడిగినా. వాళ్లను సరుకు కొననిస్తావా లేదా అని మా నాయన తిట్టె.”

“ఎవరు తిరగమన్నారు?”

“నువ్వే. తెలుసుకోవాలని అడిగేది క్లాసులో నువ్వొక్కనివే గదా.”

ఆమె కళ్లలో తనకంటే ఎక్కువ కోపం ఉంది. అది తన మీద కాదని తెలియడానికి ఓబులేష్‌కు సాయంత్రం దాకా పట్టింది.

అప్పటికి ఫోరంలో ఆమె జవాబులన్నీ మాయం. కొత్తగా ఒక్క పోస్టు: “సార్, ప్రశ్న సున్నా అయితే దానికి రాసిన జవాబుకు విలువ యాడిది? నాకూ సున్నా వెయ్యండి.”

మరుసటి రోజు సారు ఇద్దరినీ స్టాఫ్‌రూముకు పిలిపించాడు.

“సరే, ప్రశ్నలకూ మార్కులేస్తా. ఓబులేష్‌వి ఉన్నాయి. నువ్వన్నీ తుడిపేస్తివే తల్లీ, దేనికెయ్యాల?”

ఓబులేష్ సంచిలోంచి నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె రాసిన ముప్పై రెండు జవాబులు, తేదీలతో సహా, అతని చేతిరాతలో.

సారు పేజీలు తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. మార్కుల లిస్టు దగ్గరికి లాక్కున్నాడు.

వరండాలోకి వచ్చాక శ్రీవాసవి నిలదీసింది.

“అన్నీ ఎందుకు రాసుకున్నావు?”

“మా ఊర్లో గుట్టెక్కితేనే సిగ్నల్. దిగినాక ఇంటికాడ చదువుకోనీకి.”

“ఒకసారి చదివితే చాలదా?”

“సబ్జెక్టుకైతే చాలు.”

ఆమె తల దించుకుని, మళ్లీ ఎత్తింది. “మరి నిన్న మెట్ల మీద అంత అరిస్తివే.”

“పదికి పది చూసి, మార్కుల కోసమే రాస్తాండావేమో అనుకుంటి.”

శ్రీవాసవి అతనితో పాటు బస్టాండు దాకా నడిచింది. వాళ్ల అంగడి ఉన్నది ఇంకో దిక్కున.