రాళ్లకు ఆత్మ ఉంటదా

బెల్లంపల్లి పాత కాలనీల ఆరో లైను చివరి క్వార్టర్ పేరు పొద్దుగూకినంక ఒక్కరూ తియ్యరు. తియ్యాల్సి వస్తే "గా ఇల్లు" అంటరు... అని ఊకుంటరు.

బొగ్గు బాయిలు ఒక్కొక్కటే మూతబడ్డయి. మనుషులు రిటైరై ఎటోళ్లు అటు పోయిన్రు. లైనుకు లైనే ఖాళీ అయింది. కిటికీలు పోయినయి, తలుపులు పోయినయి, మీది రేకులు సుత పోయినయి. గా ఇంటికి మాత్రం అన్నీ ఉన్నయి. తలుపుకు తాళం కూడ ఉన్నది.

ఖాళీ ఇంటికి తాళమెందుకు?

జనం అనుమానం అక్కడ మొదలైంది.

ఆ ఇంట్ల ఆఖరుకు ఉన్నది హనుమంతు. బాయిల పంపు ఆపరేటర్. భార్య పోయినంక ఒక్కడే ఉండేటోడు. దగ్గు ఎక్కువైతే దవాఖానకు పోయిండు, మళ్ల రాలే. ఆ తర్వాత కంపెనీ ఆ ఇల్లు ఇంకొకరికి ఇయ్యలే. కొన్నొద్దులు ఏ సప్పుడూ లేదు. ఈసారి దసరా పోయి చలి మొదలైనంక, ఇంట్లకెల్లి మాటలు వినబడవట్టినయి.

ముందుగాల విన్నది లస్మవ్వ. తప్పిపోయిన మేకను దేవులాడుకుంట పోయింది. మేక ఆ ఇంటి గోడ పక్కన్నే నిలబడి ఉన్నది, మెడ లేపి, చెవులు నిక్కబొడుచుకొని... దాన్ని పట్టుకుందామని వంగినప్పుడు లోపట ఒక గొంతు గుసగుసగ అన్నదట —

"రాళ్లకు ఆత్మ ఉన్నది."

ఇంకో గొంతు, సన్నగ —

"రాళ్లకు ఆత్మ ఎక్కడిది? ఆత్మ అంత పునాదులల్లనే ఉన్నది..."

మళ్ల మొదటిది —

"మరి పురుగులో?"

"పురుగుల సంగతి తియ్యకు. పురుగులు అందరియి."

లస్మవ్వ మేకను వదిలిపెట్టి ఉరికింది. మేక ఆమె కంటె ముందు ఇల్లు చేరింది.

తెల్లారేసరికి కథ కాలనీ అంత తిరిగింది. పునాదుల కింద శవమున్నదన్నరు. క్వార్టర్లు కట్టేటప్పుడు గోడ కూలి ఒక కూలాయన అండ్లనే కూరుకపోయిండన్నరు కొందరు. కాదు, బాయిల రాళ్లు మీదపడి చచ్చిపోయినాయన ఆత్మ ఇల్లు వెతుక్కుంట వచ్చిందన్నరు ఇంకొందరు. చెప్పేటోళ్లను బట్టి శవం మారేది. రాళ్లు, పునాదులు, పురుగులు మాత్రం మారలే.

*

సత్తమ్మకు దయ్యాలంటే నమ్మకం లేదు. అపనమ్మకమూ లేదు. అసలు గా సంగతికి తీరిక లేదు.

ఆరో లైను మూలమలుపు కాడ, కరెంటు స్తంభం కింద ఆమె మిర్చి బజ్జీల బండి. ఆమె మొగడు ఉన్నప్పుడూ బండి ఆమెదే, పోయినంకా ఆమెదే. పని దిగి వచ్చేటోళ్లు, ట్యూషన్ పోరగాండ్లు, అంగడి చేసుకొని ఇండ్లకు మలిగేటోళ్లు — సంచి కింద పెట్టి, నిలబడి, నోరు కాల్చుకొని పోయేటోళ్లు. ఇప్పుడు అందరు చర్చి రోడ్డు మీద సుట్టు తిరిగి పోతున్నరు. చలికాలం, మిర్చి అమ్ముడువోయే కాలం. కలిపిన పిండి కలిపినట్టే ఉంటున్నది.

బస్టాండ్ కాడి హోటల్ బుచ్చిరాములు ఒకనాడు వచ్చి, తన హోటల్ల పిండి కలిపే మనిషి కావాలె, వస్తవా అని అడిగిండు. మంచిగనే అడిగిండు, పాపం. సత్తమ్మకు ఆ మంచితనమే కాలింది. తన బండి తను నడిపిన మనిషి, ఇంకొకని గిన్నెల చెయ్యి పెట్టి పిండి కలుపుడా? ఐతారం అంగడి దాటినంక చెప్తనన్నది.

ఐతారం అంగడి నాడు గూడ గిరాకీ రాలే. లస్మవ్వ ఒక్కతే వచ్చింది, అదీ దయ్యం ముచ్చట కొత్తగ ఇంకింత చెప్పుడానికి. బజ్జీలు తిన్నది, కథ చెప్పింది, చీకటి పడుతుందని పోయింది.

అప్పుడే కరెంటు పోయింది.

లైటు లేదు. లైనంత చీకటి. పొయ్యి మంట ఒక్కటే నీలంగ ఊగుతుంది. సత్తమ్మ అటు చూసింది, ఇటు చూసింది. ఒక్క పురుగు లేదు. ఇగ ఐతే దయ్యమన్న పోవాలె, లేకుంటె తనన్న పోవాలె అనుకున్నది. మంట తగ్గించింది. చలికి చెంగు నెత్తి మీదికి గుంజుకొని, చేతిల ఉన్న చిల్లుల గంటె చేతిల్నే పెట్టుకొని నడిచింది.

దగ్గరనే ఉన్న ఇల్లు, ఆ చీకట్ల ఎంతకూ రాలే.

రెండు పక్కల తలుపుల్లేని ఇండ్లు. నోర్లు తెరుచుకొని కూసున్నట్టు ఉన్నయి. గాలికి ఎక్కడనో ఒక రేకు టప్... టప్... మంటుంది. సత్తమ్మ దానిని తిట్టింది, మనసుల.

గా ఇంటి ముందట ఆగింది. తాళం కప్ప కొండికి ఏలాడుతుంది. తీసి ఉన్నది.

తలుపు సందుల నుంచి సన్నటి ఎర్ర వెలుగు... కండ్లు మూసినట్టు, తెరిచినట్టు.

లోపట గుసగుస.

"జంతువులు మన లెక్కనే బొగ్గు ఊర్ల పుట్టినయి..."

"పుడితే?"

"పుడితే... చీకటంటే ఏందో వాటికి ఎరుక."

సత్తమ్మ ఒంటి మీద వెంట్రుకలు లేచినయి. లేస్తే లేచినయిగని, బండి గుర్తుకొచ్చింది. ఒక అడుగు ముందుకేసింది. కాలి కింద ఎండిన ఆకు నలిగింది.

లోపట సప్పుడు కోసేసినట్టు ఆగింది. ఎర్ర వెలుగూ ఆరింది.

గంటెతోటి తలుపు మీద కొట్టింది. ఒక్కసారి.

ఏమీ లేదు...

మళ్ల కొట్టింది.

లోపట చిన్నగ దగ్గు. తర్వాత ఒక బొంగురు గొంతు, మెల్లగ —

"ఎవలు."

గొంతు విన్నంక సత్తమ్మకు పానం వచ్చింది. దగ్గేది, మనిషిని అడిగేది దయ్యమెట్లయితది? "నేను, బజ్జీల సత్తమ్మను. తలుపు తియ్యుండ్రి," అని, వాళ్లు తీసేదాంక ఆగకుంట తనే నూకింది.

లోపట కెవ్వుమన్నరు. ఇద్దరు.

టార్చి కిందపడి వెలిగింది. దాని మూతికి ఎర్ర చేతిరుమాలు కట్టి ఉన్నది. చాప మీద ఒక పాత టేప్ రికార్డర్. దాని ఎనుక మంకీ టోపీల ఇద్దరు ముసలోళ్లు. ఒకాయన రెండు చేతులతోటి నోరు మూసుకున్నడు, ఇంకొకాయన కండ్లు మూసుకున్నడు. వాళ్ల తప్పు లేదు. నెత్తి మీద ముసుగు, మోచేతుల దాంక పచ్చటి పిండి, చేతిల గంటె — వాళ్లకు కనబడ్డది ఆ ఆకారం.

నోరు మూసుకున్నాయన ఎబినేజర్, మెథడిస్టు చర్చి క్వైర్ల గిటారు వాయించే రిటైర్డు మనిషి. కండ్లు మూసుకున్నాయన శ్యాంసుందర్, బాయి ఆఫీసుల గుమస్తా పని చేసి దిగినాయన. ఇద్దరూ సత్తమ్మ బండి కాడ నిలబడి తిన్నోళ్లే.

"ఎబినేజరన్నా," అన్నది సత్తమ్మ, "నీకు ఇల్లు లేదా?"

ఉన్నది. ఇంట్ల భార్య ప్రేమమ్మ ఉన్నది. ఆ టేపన్న ఉండాలె, నేనన్న ఉండాలె అన్నదట. శ్యాంసుందర్ ఇంట్లనేమో కొడుకు పొద్దు మాపు కంప్యూటర్ ముందట పని చేస్తడు, సప్పుడు కావద్దు. దవాఖానకు పోయేటప్పుడు హనుమంతు తాళంచెవి వీళ్ల చేతిల పెట్టి, వచ్చేదాంక చూస్కోండ్రి అన్నడు. చూస్కుంటున్నరు. కంపెనీ సెక్యూరిటీ వాళ్లు వింటె వెళ్లగొడుతరని గుసగుసగ మాట్లాడుకుంటున్నరు.

ఏం మాట్లాడుకుంటున్నరు? అది చెప్పెటానికి ఇద్దరూ ఒక్కసారే నోరు తెరిచిన్రు.

పడుచుదనంల ముగ్గురు దోస్తులు. ఒక ఇంజనీరు బదిలీ మీద పోతూ డబ్బెడు ఇంగ్లండు పాటల క్యాసెట్లు హనుమంతుకు ఇచ్చిపోయిండు. గప్పటి సంది ముగ్గురికి పిచ్చి పట్టింది, ముగ్గురికి మూడు తీర్ల పట్టింది. ఎబినేజర్ది రోలింగ్ స్టోన్స్ అనే బ్యాండు పార్టీ. శ్యాంసుందర్ది ఫౌండేషన్స్ పార్టీ — వాళ్లది నల్లోళ్లు పుట్టిచ్చిన సోల్ సంగీతం. హనుమంతు పార్టీ ఇంకోటి. ఎవరు గొప్ప అన్న కొట్లాట అప్పుడు మొదలైంది, ఇంక ఒడవలే.

మరి రాళ్లేంది, పునాదులేంది?

ఎబినేజర్ తండ్రి ఏలియా చర్చి పెద్ద. ఇంగ్లీషు బ్యాండ్లంటే ఆయనకు సైతాను పాటలు. అందుకే పోరగాండ్లు పేర్లన్నీ తెలుగు చేసిన్రు. స్టోన్స్ రాళ్లయినయి. ఫౌండేషన్స్ పునాదులైనయి. బీటిల్స్ పురుగులు, యానిమల్స్ జంతువులు — వాళ్లది గూడ ఇంగ్లండుల బొగ్గు ఊరే. సోల్ అంటే ఆత్మ. చర్చి కాంపౌండ్ల కూసొని రాళ్లు, పునాదులు, ఆత్మ అనుకుంట కొట్లాడుతుంటె, పిల్లలు వాక్యం మీద ఎంత పట్టుదలతోటి ఉన్నరో అని ఏలియా సంబరపడేటోడట. ఒకసారి పాస్టర్‌కు చెప్పి మెచ్చుకున్నడు సుత. ఆ పెద్దమనిషి పోయిండు, అలవాటు పోలే.

అంతవరకు చెప్పి ఊకుంటె బాగుండు. కని శ్యాంసుందర్, చెప్పుడు చెప్పుడే, పునాదులల్ల నల్లోళ్లు తెల్లోళ్లు కలిసి వాయించిన్రు, ఆ బూరలు వింటె కాలు దానంతట అది కదులుతది, ఆత్మ అంటె గది అన్నడు. కాలు కదిలితె ఆత్మనా, అట్లయితె తీన్మార్ డప్పుకు మించిన ఆత్మ లేదన్నడు ఎబినేజర్. రాళ్లు ముసలోళ్లై గూడ స్టేజి దిగలే, గిటారు తీగె ఒక్కటి గుంజితె పడుకున్నోడు లేచి కూసుంటడు అన్నడు. లేచి కూసున్నోడు ఎగురుడు మాత్రం పునాదులకే ఎగురుతడు అన్నడు ఈయన. అసలు ముందుగాల రాళ్లే నల్లోళ్ల పాటలు విని నేర్చుకున్నయి అన్నడు. నేర్చుకున్నయి గదా, అంటె వాటికి ఆత్మ ఉన్నట్టే గదా అన్నడు ఆయన.

సత్తమ్మ గంటెతోటి నేల మీద కొట్టింది.

"మిరపకాయ గొప్పనా, పిండి గొప్పనా? గిదేనా మీ కొట్లాట? గిందుకేనా నా బండి మునిగింది?"

వాళ్లకు అప్పటిదాంక ఆ సంగతే ఎరుక లేదు. దయ్యం పేరు పడుడు వాళ్లకు మంచిగనే ఉండె. సెక్యూరిటీ వాళ్లు ఇటు రాకుంట అయింది. బజ్జీల బండి కాడికి గూడ మనుషులు రాకుంట అయిందని వాళ్లకు తట్టలే. సత్తమ్మ బుచ్చిరాములు సంగతి చెప్పింది. శ్యాంసుందర్ తల దించుకున్నడు. ఎబినేజర్ మంకీ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నడు.

రేపటి సంది కొట్లాట బండి కాడ, లైటు కింద, గొంతు లేపి — ఇది సత్తమ్మ తీర్పు. టేప్ కూడ తేవాలె. ప్రేమక్కతోటి నేను మాట్లాడుత అన్నది. ఒప్పుకోకుంటె గూడ ప్రేమక్కతోటే మాట్లాడుత అన్నది. ఎబినేజర్ తొందరగనే ఒప్పుకున్నడు.

పని అయింది. సత్తమ్మ గడప దాక పోయింది. కొంచెం కోపం మిగిలి ఉంటె, అది గూడ తీర్చుకుందామని మలిగింది.

"గంత భయపడెటోళ్లు మళ్ల ఎవలు అని అడుగుడెందుకు? సప్పుడు చెయ్యకుంట ఉంటె దయ్యమే అనుకొని పోదును కదా నేను."

ఇద్దరూ ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు.

"మేం అడగలే," అన్నడు ఎబినేజర్.

"అడిగిన్రు. దగ్గి అడిగిన్రు. బొంగురు గొంతు."

ఎబినేజర్ నోటి మీదికి చెయ్యి మళ్ల దానంతట అదే పోయింది. శ్యాంసుందర్‌ది సన్న గొంతు, ఊరంత ఎరిగిందే. ఆయన టార్చి తీసుకున్నడు. వెలుగు చాప మీద పడ్డది — ఆయన ఒక దిక్కు, ఎబినేజర్ ఒక దిక్కు, గోడ పొంటి మూడో దిక్కు ఖాళీ.

"సత్తమ్మా," అన్నడు మెల్లగ. "జర యాది చేసుకో. అది అడిగినట్టుండెనా... చెప్పినట్టుండెనా?"

ఆమె యాది చేసుకున్నది. మన దిక్కు చీకట్ల తలుపు కొడితె "ఎవలది?" అంటరు, గొంతు పైకి లేస్తది. అది లేవలే. తీర్పు చెప్పినట్టు, గొంతు కింద పెట్టినట్టు ఉండె.

"చెప్పినట్టే ఉండె," అన్నది.

శ్యాంసుందర్ టార్చిని ఆ ఖాళీ దిక్కు మీదికెల్లి తిప్పిండు. ఎబినేజర్ చెప్పిండు. ఇద్దరూ కొట్లాడి కొట్లాడి అలిసిపోయినంక, హనుమంతు గోడకు ఒరిగి, ఒకసారి దగ్గి, తన పార్టీ పేరు ఒక్కటే ఒక్కసారి అనేటోడట. అంటె ఆనాటికి కొట్లాట ఒడిసినట్టు. వీళ్లిద్దరు లేచి ఇండ్లకు పోయేటోళ్లు. ఆయన దవాఖానల పానం ఇడిసినంక ఆ పేరు ఈ ఇంట్ల వీళ్లిద్దరు ఎత్తలే.

"హనుమంతుది ద హూ అనే బ్యాండు పార్టీ," అన్నడు ఎబినేజర్. "తెలుగుల... ఎవలు."

*

తెల్లారి సంది బండి కాడ టేప్ మోగింది. దయ్యాలను చూద్దామని జనం వచ్చిన్రు, నిలబడి తిన్నరు. కొందరు రాళ్ల పార్టీల కలిసిన్రు, కొందరు పునాదుల పార్టీల. లస్మవ్వ పురుగుల పార్టీ. బుచ్చిరాములుకు జవాబు చెప్పే పని పడలే, ఆయనే ఒకనాడు వచ్చి తిని పోయిండు.

ఆ రాత్రి గా ఇంట్ల ఎందరుండిరి అని ఇప్పటికీ అడుగుతరు. సత్తమ్మ గంటె తిప్పుకుంట, తల లేపకుంట, ఇద్దరే అంటది.

మూడో ఆయన ఎట్లాగూ గిరాకీ కాదు కదా.